ప్రమాదం జరగని సంవత్సరం

కిందటి వారం మనం కెజియాను చీఫ్ ఇంజనీరు గారి గది గుమ్మంలో నిలబెట్టి, ఎవరి పనుల మీద వాళ్ళం పోయాం. పాపం, వారం రోజులుగా ఆ పిల్ల అక్కడే నిలబడి ఉంది. కాళ్ళు పీకినా కూర్చోలేదు. కూర్చునే రకం కాదు మరి. రాష్ట్ర సాంకేతిక భవనాల సంస్థలో భద్రత, పర్యావరణ విభాగానికి ఆమే అధికారి, ఆమే గుమాస్తా, ఆమే బంట్రోతు. విభాగం అనగానే ఏదో మేడ ఊహించుకునేరు! ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక బీరువా. బీరువా నిండా ప్లాస్టిక్ కవర్లు విప్పని తెల్ల హెల్మెట్లు. పెద్దమనుషులు సైటు చూడడానికి వస్తే వాళ్ళ నెత్తిన పెట్టాలి, వెళ్ళేటప్పుడు తీసుకుని తుడిచి మళ్ళీ కవర్లో వెయ్యాలి. కూలీలకిస్తే మాసిపోతాయని పైవాళ్ళ హుకుం.

అవి మాదాపూర్‌లో రాళ్ళకు కాళ్ళొచ్చిన రోజులు. తొంభై ఎనిమిది మార్చి నెల. నిన్న చూసిన గుట్ట ఇవాళ కనపడదు, ఇవాళ చూసిన గుంతలో రేపు మేడ లేస్తుంది. సంస్థ ఆవరణలో రెండు గుండ్లు, అంటే కొండంత బండరాళ్ళు, ఉండేవి. మొదటి గుండు సంగతి మీకు తెలుసు. దాన్ని పేల్చినప్పుడు చింతగింజంత రాతిముక్క ఎగిరొచ్చి, పెద్దన్న అనే రాళ్ళపనివాడి కుడి కన్ను తీసుకుపోయింది. సంస్థవారు మాత్రం అతను బోరబండలో సైకిల్ మీంచి పడ్డాడని తేల్చేశారు. ఇక రెండో గుండు. అది ఎంత పెద్దదంటే, పొద్దున దాని నీడలో పడుకున్న మేక, ఎండ మొహం చూడాలంటే మనవల్ని ఎత్తేదాకా ఆగాలట. నమ్మితే నమ్మండి, లేకపోతే మేకనడగండి. ఆ నీడలోనే రాళ్ళపనివాళ్ళ గుడిసెలు. వచ్చే సోమవారం దాన్ని పేల్చాలని ముహూర్తం పెట్టారు. పైన కప్పడానికి ఒక వల లేదు, చెప్పడానికి ఒక సైరన్ లేదు.

ఇవాళ కొత్త సంవత్సరపు బడ్జెట్ ఖాయం చేసే రోజు. ఈ ఒక్క పూటలో కెజియా తన పద్దు గెలిపించుకుంటే ఆ గుడిసెల్లో పిల్లలకు తలలు మిగులుతాయి. లేదా, వాళ్ళ అదృష్టం. అందుకే ఆమె బతిమాలీ బామాలీ పెద్దన్న భార్య ఈరమ్మను వెంటబెట్టుకొచ్చి వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టింది. జరిగింది జరిగినట్టు పెద్దసారు ముందు చెబుతానని ఈరమ్మ మాట ఇచ్చింది.

పదండి, లోపలికి పోదాం.

"రా అమ్మాయ్, రా. నీ పద్దు ఆఖర్న పెట్టాం. విస్తట్లో తీపి చివరిదాకా దాచుకుంటారే కొందరు, అలాగ," అన్నారు చీఫ్ ఇంజనీరు రామబ్రహ్మం గారు.

రామబ్రహ్మం గారి పొదుపు గురించి సంస్థలో కథలు కథలుగా చెప్పుకునేవారు. ఆయనకు తుమ్మొస్తే సగం తుమ్మి, తక్కిన సగం వచ్చే ఆర్థిక సంవత్సరానికి దాచుకుంటారని ఒకటి. ఆయన కుర్చీ వెనక గోడ నిండా మెరిసే షీల్డులు. ఏడాదంతా ఒక్క ప్రమాదమైనా జరగని కార్యాలయానికి ఇచ్చే షీల్డులవి. పక్కనే ఖాతాల అధికారి లింగమూర్తి. కొత్తగూడలో పుట్టి పెరిగినవాడు. సారు నవ్వకముందే నవ్వు మొదలుపెట్టే నేర్పు ఆయనది.

కెజియా నిలబడే చదివింది. గుండు మీద కప్పడానికి ఇనుప వలలు, ఇసుక బస్తాలు. సైరన్. దుమ్ము అణచడానికి నీళ్ళ ట్యాంకరు. రాతిపొడి పక్క కుంటలోకి పోకుండా అడ్డుగోడ. గుండు కింద ఉన్న గుడిసెలను దూరం జరపడానికి లారీలు.

"ఇవన్నీ అయ్యాకే రెండో గుండు జోలికి వెళ్ళాలండి," అంది.

"భేష్. చక్కగా రాశావ్. ఏమోయ్ లింగమూర్తీ, ఈ ఏడు మన దగ్గర ప్రమాదాలెన్ని?"

"నిల్ సార్. పోయినేడు గూడ నిల్లే. షీల్డు గూడ వచ్చె గద."

"చూశావామ్మా? ప్రమాదమే లేని చోట భద్రత దేనికి? రేపు ఆర్థిక శాఖవాళ్ళు అడిగితే ఏం చెప్పమంటావ్? జ్వరం లేనివాడికి మాత్ర మింగించాననా?"

"టీకా జ్వరం రాకముందే వేస్తారండి. మా అమ్మ నర్సు. పిల్లలకు రోగం వచ్చాక సూది కొందామని ఆవిడతో అనిచూడండి, ఆ సూది ఎక్కడ గుచ్చుతుందో!"

లింగమూర్తికి నవ్వు వచ్చింది గాని, సారు నవ్వలేదు గనక దాన్ని దగ్గుగా మార్చుకున్నాడు.

"పోనీ, ఈ ఏడాది నా విభాగానికి ఇచ్చిన డబ్బు ఏమైందండీ? నేనొక వల కొన్నది లేదు, ఒక బస్తా కొన్నది లేదు," అని అడిగింది కెజియా.

"అట్ల గాదు మేడం. మార్చి నెలల ఖర్చు గాకుంటే మురిగిపోతది. మురగబెట్టుకుంటమా? గేటు కాడ పచ్చగడ్డి పరిపిచ్చినం. ఫస్టు క్లాసు గడ్డి, బెంగుళూరు కెల్లి వచ్చింది. గడ్డి గూడ పర్యావరణమే గద!" అన్నాడు లింగమూర్తి.

"అవతల కుంటలో చేపలు తెల్లగా తేలుతుంటే, గేటు దగ్గర గడ్డి పర్యావరణమా?"

"చేపలు మనవి కావమ్మా," అన్నారు రామబ్రహ్మం గారు ఎంతో ఓర్పుగా. "అవి మత్స్యశాఖవి."

ఆ క్షణాన కెజియా నెత్తిన పాలగిన్నె పెడితే పొంగిపోయి ఉండేది, ఎసట్లో బియ్యం పోస్తే ఉడికి ఉండేవి. ఆమె కోపం అలాంటిది. గుంటూరు మిరపకాయకూ ఆమెకూ ఏదో దూరపు చుట్టరికం ఉండాలి.

"ప్రమాదం జరగలేదని మీరు రాసుకున్నారండి. జరగలేదని దేవుడు రాయలేదు. పెద్దన్న కన్ను మన గుండే తీసింది."

"సైకిల్, అమ్మాయ్. సైకిల్."

"సైకిల్ కన్ను పీకదండి! ఆయన భార్య బయటే ఉంది. పిలుస్తాను, ఆవిడ నోటితోనే వినండి. విన్నాక ఆ షీల్డు అక్కడ ఉంచుతారో తీస్తారో మీ ఇష్టం."

రామబ్రహ్మం గారు అడ్డు చెబుతారనుకుంది. చెప్పలేదు. "పిలువమ్మా, దానికేం," అన్నారు. ఆ మాట అన్న తీరుకే కెజియా అనుమానపడి ఉండాల్సింది. కానీ కోపంలో ఉన్న మనిషికి చెవులు సగమే పనిచేస్తాయి.

ఈరమ్మ లోపలికి వచ్చింది. రాళ్ళు మోసి మోసి ఒక భుజం కిందికి జారిన మనిషి. కొంగు భుజం చుట్టూ కప్పుకుని, గోడకు ఆనుకోకుండా, చాప మీద అడుగు పెట్టకుండా, తలుపు దగ్గరే నిలబడింది.

"చెప్పు ఈరమ్మా, భయపడకు. మీ ఆయన కన్ను ఎట్లా పోయింది?" అంది కెజియా.

ఈరమ్మ కెజియా మొహం చూడలేదు. గోడ మీది షీల్డులు చూసింది.

"సైకిల్ మీదికెల్లి పడ్డడు సారూ."

"ఎక్కడ?" అన్నారు రామబ్రహ్మం గారు మెత్తగా.

"బోరబండల."

"ఈరమ్మా!" కెజియా గొంతు గదిలో పగిలింది. "మొన్న నాతో ఏమన్నావ్? రాయి గుయ్యిమంటూ వచ్చి తగిలిందని, రక్తం తట్టలో పట్టానని ఏడ్చావే!"

"ఏడుపుల మస్తు అంటం మేడమమ్మా. అన్నియి పట్టుకుంటరా?"

లింగమూర్తి ఇప్పుడు దగ్గాల్సిన అవసరం లేకపోయింది. హాయిగా నవ్వాడు. రామబ్రహ్మం గారు గంట కొట్టి, "ఆమెకో టీ ఇప్పించండయ్యా, ఎండన పడి వచ్చింది," అన్నారు. ఆ తరవాత కలం తీసి కెజియా పద్దు మీద నిలువునా ఒక గీత గీశారు. సిరా బాగానే ఖర్చు పెట్టారు. గీతల దగ్గర మాత్రం ఆయన పొదుపు చెయ్యరు.

"బాధపడకమ్మా. రేపు ఒకవేళ ఏదైనా జరిగిందే అనుకో, అప్పుడు ప్రత్యేక నిధి అడుగుదాం. ప్రమాదం జరిగితే చిటికెలో ఇస్తారు. అదీ పద్ధతి."

"అయితే ఎవరు చావాలో కూడా ఇప్పుడే కేటాయించేయండి సార్! పిల్లల పద్దా, పెద్దల పద్దా?"

రామబ్రహ్మం గారి మెత్తదనం జారిపోయింది.

"నువ్వింకా ప్రొబేషన్‌లో ఉన్నావ్. గుర్తుందా?"

"ఉందండి. ఆ గుండు కింద పిల్లలూ ప్రొబేషన్‌లోనే ఉన్నారు. వాళ్ళకూ బతుకు ఇంకా ఖాయం కాలేదు," అని తలుపు విసిరి బయటికి వచ్చేసింది కెజియా. ఆ విసురుకు లోపల ఒక షీల్డు ఊడి పడిందంటారు. పడకపోయినా పడినట్టే చెప్పుకుందాం, మన తృప్తి మనది.

వరండా మెట్ల కింద దొరికింది ఈరమ్మ. చేతిలో టీ గ్లాసు ఉంది. ముట్టలేదు, పారబొయ్యలేదు.

"ఎంత తీసుకున్నావ్?" అని అడిగింది కెజియా.

అడగకూడని మాట. నోరు దాటాక తెలిసింది. ఈరమ్మ గ్లాసు మెట్టు మీద టక్కున పెట్టింది.

"ఏమన్నవ్? మళ్ళ అను!"

"అబద్ధం ఎందుకు చెప్పావు మరి? నీ కోసమే కదా నేను వాళ్ళతో కొట్లాడుతున్నాను! నీ పిల్లల కోసమే కదా!"

"నా కోసమా? నీ కాయిదంల గుడిసెలు జరపాలని రాసినవా లేదా? గుత్తేదారు మనిషి నిన్న పొద్దుగాల అందరిని కూసోబెట్టి చదివి ఇనిపిచ్చిండు. గుండుకు దూరం జరపాలె. సరే. లారీలు పెట్టాలె. సరే. లారీ ఎక్కినంక యాడ దిగాలె?"

కెజియా ప్రహరీ గోడ వైపు చూసింది.

"చెప్పరాదు? సదువుకున్నదానివి! ఎక్కిచ్చుడు రాసినవ్, దింపుడు రాయలే. వలకు రాసినవ్, బస్తాకు రాసినవ్, కుంటల చాపలకు గూడ గోడ రాసినవ్. మేము నిలవడేతందుకు గింత జాగ రాసినవా? మేమేమన్న గుండు మీద దుమ్మా, నీళ్ళు జల్లి అణుచుడుకు?"

ఎదురుదెబ్బ అంటే అదీ. కెజియా ఆ ప్రణాళిక కోసం రాత్రింబగళ్ళు కూర్చుంది. గుండుకూ గుడిసెకూ మధ్య ఎంత దూరం ఉండాలో పుస్తకాలు తిరగేసి పట్టుకుంది. ఆ దూరం అవతల ఏముందో మాత్రం ఒక్కసారి నడిచి చూడలేదు. అవతల సంస్థ ప్రహరీ గోడ. గోడ దాటితే రోడ్డు. ఆమె రాసిన కాగితం ప్రకారం ఆ కుటుంబాలన్నీ రోడ్డు మధ్యలో దిగాలి.

"కన్ను ఒకటి పాయె. ఒకటున్నది," అంది ఈరమ్మ. గొంతు తగ్గింది గాని కోపం తగ్గలేదు. "నీడ పోతే రెండు కండ్లున్నా ఏం జూస్తం బిడ్డా? నిజం జెప్తే గుడిసె పోతదన్నరు. చెప్పకుంటే గుడిసె ఉంటది, మా ఆయనకు మళ్ళ పని ఇస్తమన్నరు. కూసుండి జేసే పనట. నువ్వయితే ఏం జెప్తవ్?"

కెజియాకు అప్పటిదాకా రామబ్రహ్మం గారి మీద ఒక కోపం, లింగమూర్తి మీద ఒక కోపం, ఈరమ్మ మీద ఒక కోపం, వేరువేరు పొయ్యిల మీద ఉడుకుతున్నాయి. ఇప్పుడు అన్నీ ఒక్క పొయ్యి మీదికి వచ్చాయి. ఆ పొయ్యి ఆమే.

"నాదే తప్పు ఈరమ్మా. కొత్తగా రాస్తాను. సోమవారం లోపల..."

మాట పూర్తి కాలేదు. గుండు వైపు నుంచి ఈల వినపడింది. పొడుగ్గా, గుక్క తిప్పుకోకుండా.

ఆ ఈల అర్థం ఆవరణలో కుక్కలకు కూడా తెలుసు: బండ పేలబోతోంది, తల దాచుకో. గుడిసెల్లోంచి ఆడవాళ్ళు ఒక్కసారిగా బయటికి వచ్చారు. కేకలు లేవు, ఏడుపులు లేవు. ఇది వాళ్ళకు వంట చేసుకున్నంత అలవాటు. పొయ్యి మీది కుండల మీద రేకులు కప్పారు. పిల్లల్ని గోడ వారగా కూర్చోబెట్టి, సిమెంటు మోసే ఇనుప తట్టలు ఒక్కొక్కటే వాళ్ళ నెత్తిన బోర్లించారు. చంటిపిల్లను ఎత్తుకున్న ఒకామె, తట్ట ఒకటే ఉండడంతో దాన్ని పిల్ల మీద పెట్టి తను ఉత్త తలతో వంగి కూర్చుంది. అక్కడ బీరువాలో తెల్ల హెల్మెట్లు కవర్లలో చల్లగా నిద్రపోతున్నాయి.

"సోమవారం కదా! ఇవాళ ఎవరు చెప్పారు?" కెజియా పరుగెత్తింది. వెనకే ఈరమ్మ.

గుండు పక్కన, దాని రెండు వైపులూ కనబడే చోట, ఎర్రజెండా పట్టుకుని మునిస్వామి నిలబడి ఉన్నాడు. చిత్తూరు నుంచి వచ్చిన మందుపనివాడు. బండల్లో బెజ్జాలు పెట్టి మందు కూరి పేల్చడమే అతని వృత్తి.

"పెద్దసారు చెప్పినాడు మేడం. రేపు ఎవురో దొరలు వస్తారంట. వాళ్ళ బస్సు ఈడ తిరగల్లంట. ఇంతకుముందే లింగమూర్తి సారు మనిషిని పంపించినాడు, ఇప్పుడే కానీ అని."

అంటే లోపల తన పద్దు మీద గీత గీస్తుండగానే ఇక్కడ బెజ్జాల్లో మందు కూరుతున్నారన్నమాట! బడ్జెట్ చర్చ అంతా ఒట్టి తోలుబొమ్మలాట!

"ఆపు మునిస్వామీ. వల లేదు, బస్తా లేదు. అక్కడ పిల్లలు కనబడటం లేదా?"

"నాకు కనబడి ఏం లాభం మేడం? నన్ను కాదు, పెద్దసారుండాడే, ఆయప్పను అడుగు."

కెజియా ఆయప్పను అడగడానికి వెళ్ళలేదు. చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు బిగించి, గుండు ఎక్కడం మొదలుపెట్టింది. నున్నటి బండ. ఎండకు పెనంలా కాలుతోంది. అరికాళ్ళు చుర్రుమంటున్నా ఎక్కి, నడిమధ్యన చతికిలబడి కూర్చుంది.

"ఇప్పుడు పేల్చుకోమనండి!" అని అరిచింది. "ప్రమాదం కావాలన్నారుగా, ప్రత్యేక నిధి వస్తుందన్నారుగా! నా పేరే రాసుకోమనండి!"

మునిస్వామి బెదిరిపోయి జెండా దించేశాడు. కార్యాలయం మెట్ల మీద మనుషులు పోగయ్యారు. రామబ్రహ్మం గారు హడావిడిగా వచ్చారు. అంత హడావిడిలోనూ కొత్త గడ్డి తొక్కకుండా చుట్టూ తిరిగి వచ్చారు.

"దిగు! నీ ఉద్యోగం పోతుంది, దిగు!"

"దిగుతానండి. ఆ గుడిసెలకు స్థలం ఎక్కడో ముందు మీరు చెప్పండి. ఇంతమంది వింటున్నారు, పైకే చెప్పండి!"

"పిచ్చి పొల్ల," అని గొణిగింది కింద నిలబడ్డ ఈరమ్మ. "పిచ్చి పొల్ల! గా ఎండకు కాళ్ళు కాలుతలేవా దీనికి?" గొణుగుతూనే కొంగు నడుముకు దోపుకుంది. రాళ్ళ మీద పుట్టి రాళ్ళ మీద పెరిగిన కాళ్ళు అవి, మూడు అంగల్లో పైకి చేరింది. కెజియా పక్కన కూర్చుని, కిందికి చూసి గొంతెత్తింది.

"ఓ సారూ! సైకిల్ గాదు! గుండే తీసింది మా ఆయన కన్ను! ఇప్పుడు రాసుకో!"

గోడ వారనున్న తట్టలు ఒక్కొక్కటే పైకి లేచాయి. వాటి కింద నుంచి పిల్లల కళ్ళు బయటికి చూశాయి. కెజియాకు కోపంలోనే నవ్వు వచ్చింది. గెలిచామా ఏం అనిపించింది, ఒక్క క్షణం.

ఆ క్షణంలోనే మునిస్వామి మొహం పాలిపోయింది. అతను రామబ్రహ్మం గారిని చూడటం లేదు, వాళ్ళిద్దరినీ చూడటం లేదు. గుండుకు అవతలి పక్కకు చూస్తున్నాడు.

"దిగండి," అన్నాడు. రెండోసారి అరిచాడు. "దిగండి మేడం! దూకండి! రెండు పక్కలా బెజ్జాలుండాయి. ఈ పక్క వత్తి నేను అంటించలేదు. ఆ పక్క మనిషి అంటించినట్టుండాడు!"

"జెండా దించావు కదా!"

"దించితిని! దించితే ఆపల్ల. వాడికి నేను కుడిపక్కన ఉండా. కుడిపక్క వాడికి కనబడదు మేడం!"

ఈరమ్మ మెల్లగా లేచి నిలబడింది.

"ఎవరికి కనవడది?"

మునిస్వామి తల వంచుకున్నాడు. "కూర్చోని చేసే పని ఇమ్మన్నారు. వత్తి అంటించేది కూర్చోనే కదా అని, పొద్దున్నే పెద్దన్నను ఆడ పెట్టినారు. అంటించినోడు చాటుకు చేరి రెండో ఈల వెయ్యాల. ఆ ఈల ఇంకా రాలేదు."

గుండు అవతలి అంచు మీదుగా సన్నటి పొగ, అగరొత్తి పొగలాగా, నిటారుగా లేచింది.

కెజియా ఈరమ్మ చెయ్యి పట్టుకుని గుడిసెల వైపు లాగింది. ఈరమ్మ ఆ చెయ్యి విదిలించుకుని పొగ వైపు పరుగెత్తింది.